ఆసుపత్రిలో ట్యాగులు, పీహెచ్‌డీ, ఆ తర్వాత ఉద్యోగం

తర్వాత చదివేవాళ్ల కోసం ముందు ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అడిగినవారిది ఈసీఈలో బీటెక్, వైర్‌లెస్ కమ్యూనికేషన్స్‌లో ఎంటెక్, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రి ఐటీ విభాగంలో ఉద్యోగం. అక్కడ ఇన్ఫ్యూజన్ పంపులకూ (ఒంట్లోకి మందు ఎక్కించేవి) వీల్‌చైర్లకూ, అవి ఎక్కడున్నాయో తెలిసేలా, బ్లూటూత్ ట్యాగులు తగిలించే ప్రాజెక్టు చూస్తున్నారు. ఇదే విషయం మీద పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ అవ్వాలని కోరిక. ఇప్పుడున్న వాటికన్నా ఖచ్చితంగా చోటు చెప్పే అల్గారిదం రాస్తే సరిపోతుందా, ఏ విభాగంలో చేరాలి, ఇండియాలోనా బయటా, చివరికి ఉద్యోగం దొరుకుతుందా అని అడిగారు.

నాదీ ఎలక్ట్రానిక్స్ చదువే. తర్వాత హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ (ఆరోగ్య సమాచారాన్ని సేకరించి వాడే శాస్త్రం) వైపు వచ్చి అక్కడే స్థిరపడ్డాను. పాఠాలు చెబుతాను, పీహెచ్‌డీ విద్యార్థులకు గైడ్‌గా ఉంటాను, ఈ రంగంలో వచ్చే పేపర్లకు రివ్యూలు రాస్తాను. కాబట్టి చివరి ప్రశ్నకే ముందు జవాబు: ఉద్యోగాలున్నాయి. అయితే అల్గారిదం ఒక్కటే చేతపట్టుకుని వచ్చేవాళ్లకు పెద్దగా లేవు.

ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. కేంబ్రిడ్జ్‌లోని ఒలివెట్టి పరిశోధనశాలలో రాయ్ వాంట్, ఆండీ హాపర్ బృందం తయారు చేసిన యాక్టివ్ బ్యాడ్జ్ మీద పేపర్ 1992లో వచ్చింది. చొక్కాకు తగిలించుకునే ఆ బ్యాడ్జి 15 సెకన్లకోసారి ఇన్‌ఫ్రారెడ్‌లో తన నంబరు పంపుతుంది, గదిలో ఉన్న సెన్సరు అందుకుంటుంది. తమాషా ఏమిటంటే, ఆ పేపర్ మొదట్లోనే ఇచ్చిన ఉదాహరణ ఆసుపత్రి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు సిబ్బంది ఎక్కడున్నారో, రోగి ఎక్కడున్నాడో తెలియాలి అని. 2000లో మైక్రోసాఫ్ట్ రిసెర్చ్ నుంచి పరమ్‌వీర్ బహల్, వెంకట పద్మనాభన్‌ల రాడార్ అనే సిస్టం వచ్చింది. వై-ఫై సిగ్నల్ బలాన్ని బట్టి 2, 3 మీటర్ల తేడాతో మనిషి ఎక్కడున్నాడో చెప్పగలిగారు. (పద్మనాభన్ తర్వాత బెంగళూరు ల్యాబ్‌లో పనిచేశారు, 2016లో భట్నాగర్ పురస్కారం అందుకున్నారు. ఇండియాలో ఉండి ఈ పని కుదరదు అనేవాళ్లకు ఈ సంగతి చెబుతుంటాను.) 2015లో స్టాన్‌ఫర్డ్ వాళ్ల స్పాట్‌ఫై అనే పద్ధతి, కొత్త హార్డ్‌వేర్ ఏదీ లేకుండా మామూలు వై-ఫై కార్డుతోనే మీడియన్ లోపాన్ని (సగం సార్లు తప్పు ఇంతకు లోపే) 40 సెంటీమీటర్లకు దించింది. 2019 జనవరిలో బ్లూటూత్ 5.1తో సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తోందో కొలిచే ఏర్పాటు ఏకంగా స్టాండర్డ్‌లోకే ఎక్కింది. అదే ఏడాది అల్ట్రా వైడ్‌బ్యాండ్ చిప్పు ఐఫోన్‌లోకి వచ్చింది, దాని లెక్క సెంటీమీటర్లలోనే ఉంటుంది.

అంటే ఇది ముప్పై ఏళ్లకు పైగా దున్నిన పొలం. మీరు ఇంకో 15 సెంటీమీటర్లు తగ్గించి పేపర్ రాస్తే, రివ్యూయర్‌గా నేను అడిగే మొదటి ప్రశ్న "దీనివల్ల వార్డులో ఏ నిర్ణయం మారుతుంది?" అనే. జవాబు లేని పేపర్లే ఎక్కువగా వస్తాయి.

పైగా ఆసుపత్రిలో సెంటీమీటర్ల లెక్క చాలాసార్లు తప్పు లెక్క. రెండు గదుల మధ్య గోడ ఉంది. గోడకు అటు ఒక మంచం, ఇటు ఒక మంచం. మీ సిస్టం లోపం అర మీటరే కావచ్చు, కానీ ఆ అర మీటరు గోడ దాటితే ఒక పేషెంటు పక్క గదిలోకి వెళ్లిపోయినట్టే. ఐసొలేషన్ గదిలోకి ఎవరెవరు వెళ్లారు అని లెక్క తీస్తుంటే ఇది చిన్న విషయం కాదు. అందుకే 1992 నాటి ఇన్‌ఫ్రారెడ్‌ను ఆసుపత్రులు ఇంకా వదల్లేదు. అది గోడ దాటదు, అల్ట్రాసౌండూ దాటదు. మంచం పక్కన ఎంత దూరంలో ఉన్నాడో చెప్పలేకపోయినా, ఏ గదిలో ఉన్నాడో మాత్రం గట్టిగా చెబుతుంది. కొనేవాడికి కావాల్సింది అదే.

ఇక మనిషి ఒళ్లు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని శరీరంలోని నీరు తాగేస్తుంది. ట్యాగ్ ఛాతీ మీద ఉండి రీడరు (ట్యాగ్ సిగ్నల్ అందుకునే పరికరం) వీపు వైపు ఉంటే సిగ్నల్ బలం 10 నుంచి 20 డెసిబెల్ దాకా పడిపోతుంది. ఖాళీ స్థలంలో దూరం రెట్టింపైతే తగ్గేది 6 డెసిబెల్ మాత్రమే. 20 డెసిబెల్ తగ్గిందంటే దూరం పది రెట్లయినట్టు లెక్క. అంటే మీటరు దూరంలో వీపు తిప్పి నిలబడ్డ సిస్టర్, సిస్టం దృష్టిలో పది మీటర్ల అవతల ఉన్నట్టు. రాడార్ వాళ్లు ఈ సంగతి అప్పుడే గమనించి, ఒక్కో చోట నాలుగు వైపులా తిరిగి కొలతలు తీసుకున్నారు. ఇవాళ్టి పేపర్లు చాలావాటిలో ట్యాగును ట్రైపాడ్ మీద పెట్టి కొలిచేస్తారు. వార్డులో ట్రైపాడ్‌లు నడవవు కదా.

రేడియో తరంగాలతో నంబరు చదివే ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగుల కథా ఇంతే. కారు అద్దం మీది ఫాస్టాగ్ బ్యాటరీ లేని యూహెచ్‌ఎఫ్ ట్యాగే, మన దగ్గర 865-867 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. అద్దం మీద చక్కగా చదువుతుంది. అదే జాతి ట్యాగును సెలైన్ బాటిల్‌కో స్టీలు ట్రేకో అంటించి చూడండి. ఒకచోట నీళ్లు మింగేస్తాయి, రెండోచోట లోహం ట్యూనింగ్ చెడగొడుతుంది. లోహం కోసం వేరే ట్యాగులు ఉన్నాయి, కానీ ఆపరేషన్ పనిముట్లకు వేసేది క్రిములు చంపే ఆవిరి యంత్రం, అంటే 134 డిగ్రీల ఆటోక్లేవ్‌ను మళ్లీ మళ్లీ తట్టుకోవాలి. ఇలాంటివి మీకు ఉద్యోగంలోనే తెలిసి ఉంటాయి. తెలిసి ఉంటే అది మీ పెట్టుబడి, చిన్నచూపు చూడొద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను చూసిన ఒక వార్డులో సిరంజి పంపులు కనబడటం లేదని ట్యాగులు పెట్టించారు. పెట్టాక కూడా రెండు మూడు పంపులు రోజూ సాయంత్రం మాయం. స్క్రీన్ మీద అవి ఆఖరిసారి కనిపించిన చోటు కారిడార్. ఇంజినీర్లు కారిడార్‌లో ఇంకో రీడర్ బిగించారు. సంగతేమిటంటే, డ్యూటీ రూమ్‌లో ఓ స్టీలు బీరువా ఉంది. సాయంత్రం షిఫ్టు సిస్టర్ పంపుల్ని అందులో పెట్టి తాళం వేస్తోంది. బీరువా తలుపు పడగానే ట్యాగు గొంతు ఆగిపోతుంది. ఆమె దొంగతనం చేయడం లేదు. రాత్రి సెంట్రల్ స్టోర్‌కు ఫోన్ చేస్తే పంపు ఎప్పుడొస్తుందో నమ్మకం లేదు, ఐసీయూ నుంచి ఎవరైనా దిగితే చేతిలో ఉండాలి కదా అని ముందే దాచుకుంటోంది. ఇక్కడ కొలవాల్సింది పంపు ఎక్కడుందో కాదు. అడిగిన దగ్గర్నుంచి చేతికి రావడానికి రాత్రిపూట ఎంతసేపు పడుతోందో కొలవాలి. అది ట్యాగు డేటాలో సగం, స్టోర్ రిజిస్టర్‌లో సగం ఉంటుంది. ఆ రెండు సగాలూ కలపడమే హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ పని, మీ థీసిస్ కూడా అక్కడే దొరుకుతుంది.

కలపడం అన్నంత సులువు కాదు. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ ప్రకారం పేషెంటు పొద్దున్నే డిశ్చార్జ్ అయ్యాడు. ట్యాగ్ ప్రకారం సాయంత్రం దాకా మంచం మీదే ఉన్నాడు. రెండూ నిజమే: డాక్టరు డిశ్చార్జ్ రాసేశాడు, బిల్లు తేలి ఇన్సూరెన్స్ అప్రూవల్ వచ్చేసరికి పొద్దుపోయింది. మన ఆసుపత్రుల్లో మంచాలు ఎందుకు ఖాళీ కావు అన్న ప్రశ్నకు ఆ మధ్యలోని గంటలే జవాబు, ఒక్క సిస్టం డేటానే చూస్తే అవి కనబడవు. ఇంకో తలనొప్పి గడియారాలు. లొకేషన్ సర్వర్ టైము ఒకటి, రేడియాలజీ సిస్టం టైము ఇంకొకటి. నాలుగు నిమిషాల తేడా ఉంటే పేషెంటు వార్డు దాటకముందే స్కాన్ అయిపోయినట్టు వస్తుంది. పేపర్లో ఒక్క వాక్యంగా మిగిలే ఈ సర్దుబాటుకు నెలలు పడతాయి. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే హెచ్‌ఎల్‌7 మెసేజిలు, దాని కొత్త రూపమైన ఫైర్ (FHIR) ప్రమాణంలో పేషెంటు రాకపోకలకు ఎన్‌కౌంటర్, చోటుకు లొకేషన్ అనే రిసోర్సులు ఎలా ఉంటాయో ఇప్పుడే చదవడం మొదలుపెట్టండి. ఐటీ విభాగంలో ఉన్నారు కాబట్టి అసలు మెసేజిలు మీ కళ్లముందే పోతుంటాయి. బయటి పరిశోధకుడికి దొరకని అవకాశం ఇది.

మంచి పరిశోధన ఎలా ఉంటుందంటే నేను విద్యార్థులకు ముందు సోషియోప్యాటర్న్స్ బృందం పని చూపిస్తాను. చీరో కట్టూటో, ఆలెన్ బర్రా లాంటి భౌతికశాస్త్రజ్ఞులు మొదలుపెట్టింది. 2009 నవంబరులో, స్వైన్ ఫ్లూ రోజుల్లో, రోమ్‌లోని బంబీనో జెసూ పిల్లల ఆసుపత్రి వార్డులో వారం పాటు 119 మందికి ట్యాగులు ఇచ్చారు. పిల్లలు, వాళ్లను చూసుకునేవాళ్లు, నర్సులు, డాక్టర్లు, అందరికీ. ట్యాగు ఛాతీ మీద. పవర్ బాగా తగ్గించేశారు. దాంతో ఇద్దరు మనుషులు మీటరు, మీటరున్నర దూరంలో ఎదురెదురుగా ఉంటేనే ట్యాగులు ఒకదాన్నొకటి వింటాయి, వీపు తిప్పితే ఒళ్లే అడ్డం. పైన నేను తిట్టిన ఆ నీళ్ల శరీరాన్నే వీళ్లు కొలత సాధనంగా వాడుకున్నారు! మ్యాప్ మీద చుక్క ఎక్కడుందన్న ప్రశ్నే వాళ్లకు అక్కర్లేదు. తుంపర్లతో వచ్చే జబ్బు ఎవరి నుంచి ఎవరికి పోవచ్చు అన్నది కావాలి, దానికి ముఖాముఖి చాలు. ప్రశ్న సరిగ్గా ఉంటే రేడియో ఎంత సులువైపోతుందో చూడండి. పేపర్ 2011లో వచ్చింది, ఆ పద్ధతి తర్వాత లియోన్‌లోని వృద్ధుల వార్డు దాకా వెళ్లింది.

టొరంటోలో జరిగిన ఇంకో పని 2014లో వచ్చింది. చేతులు శుభ్రం చేసుకుంటున్నారా లేదా అని ఆసుపత్రుల్లో ఆడిటర్లు నిలబడి లెక్క రాస్తారు. ఎవరైనా చూస్తుంటే ఎవరైనా కడుగుతారని అందరికీ తెలుసు. ఎంత ఎక్కువ కడుగుతారు? లొకేషన్ సిస్టంతో డిస్పెన్సర్ల వాడకం లెక్కిస్తే, ఆడిటరు కనుచూపులో ఉన్నప్పుడు ఒక్కో డిస్పెన్సర్ గంటకు 3.75 సార్లు, కనబడనప్పుడు 1.48 సార్లు అని తేలింది. అల్గారిదంలో గొప్పేమీ లేదు. కానీ కాగితం మీది ఆడిట్ అంకెల్ని ఎంత నమ్మాలో ఆ పేపర్ తేల్చి చెప్పింది. నాకు వదిలేస్తే ఇలాంటి ఒక్క పేపర్‌కు చోటు కనిపెట్టే (లోకలైజేషన్) పేపర్లు పది ఇచ్చేస్తాను.

కోవిడ్ కాలం ఇదే విషయాన్ని పెద్ద ఎత్తున చూపించింది. కోవిడ్ సోకినవాళ్ల దగ్గర ఉన్నారని ఫోన్ బ్లూటూత్‌తో హెచ్చరించే గూగుల్-యాపిల్ పద్ధతిని డబ్లిన్‌లో డగ్లస్ లీత్, స్టీఫెన్ ఫారెల్ ట్రామ్‌లో పరీక్షించారు. స్విట్జర్లాండ్, జర్మనీ వాడిన నియమాలతో ఒక్క హెచ్చరికా రాలేదు. ఇటలీ నియమంతో హెచ్చరిక రావాల్సినవాళ్లలో సగం మందికీ, రాకూడనివాళ్లలోనూ సగం మందికీ వచ్చింది, బొమ్మా బొరుసా వేసినట్టు. చుట్టూ లోహం, సిగ్నల్ ఎగిరి ఎగిరి వస్తుంది మరి. ఇది చదివితే ఆ పద్ధతి పనికిరాదనే అనిపిస్తుంది. 2021లో ఆక్స్‌ఫర్డ్ నుంచి క్రిస్టోఫ్ ఫ్రేజర్ బృందం నేచర్ పత్రికలో ఇంగ్లండ్, వేల్స్ యాప్ ఫలితాలు వేసింది. 2020 చివరి మూడు నెలల్లో తప్పిన కేసులు ఒక పద్ధతిలో 2,84,000, ఇంకో పద్ధతిలో 5,94,000 అని అంచనా. దూరాన్ని సరిగ్గా కొలవలేని సాధనమే జనాభా మొత్తం మీద మేలు చేసింది. పరికరం ఖచ్చితత్వం వేరు, ఆరోగ్య ఫలితం వేరు. రెండూ కొలవడం వచ్చినవాళ్లు తక్కువ. మీరు వాళ్లలో ఒకరైతే పోటీ చాలా తగ్గిపోతుంది.

భద్రత సంగతి ఒకటి, ఎందుకంటే ఇంజినీర్లు దీన్ని దాటేస్తారు. 2008 జూన్‌లో అమెరికా వైద్య పత్రిక జామాలో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధన వచ్చింది. ఐసీయూ పరికరాలు 41 తీసుకుని, పేషెంట్లు లేకుండా, ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్ల దగ్గర 123 పరీక్షలు చేశారు. 34 సార్లు ఏదో ఒక అవాంతరం వచ్చింది, అందులో 22 ప్రమాదకరమైనవి. వెంటిలేటర్ ఆగిపోవడం, సిరంజి పంపు నిలిచిపోవడం లాంటివి. ఎక్కువ ఇబ్బంది పెట్టింది 868 మెగాహెర్ట్జ్ రీడరు, అంటే మన ఫాస్టాగ్ బ్యాండుకు పక్కింటి బ్యాండే. పరికరాలు ఇప్పుడు మెరుగయ్యాయి. అయినా మీ ప్రపోజల్‌లో బయోమెడికల్ విభాగంతో కలిసి చేసే పరీక్ష ఉండాల్సిందే, ఎథిక్స్ కమిటీ అడగకముందే.

ఎథిక్స్ అంటే పేషెంటు సంతకం ఒక్కటే అనుకుంటారు. సిబ్బందికి ట్యాగు వేస్తే అసలు గొడవ అక్కడుంది. అమెరికాలో జిల్ ఫిషర్, టోరిన్ మోనహన్ 23 ఆసుపత్రులు తిరిగి రాసిన దాంట్లో ఇదీ ఒక ముఖ్య విషయం. యాజమాన్యం "మీకోసమే" అంటుంది, నర్సులకు మాత్రం నిఘాలా అనిపిస్తుంది. సూపరింటెండెంటు పక్కన నిలబడి ఫారం ఇస్తే ఏ సిస్టర్ వద్దంటుంది? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఇలాంటి కింది ఉద్యోగుల సమ్మతి గురించి జాగ్రత్త చెబుతాయి, 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా చదువుకోండి. నా పద్ధతి కొంచెం మొండిది: ఒక్కో మనిషి కదలికలు యాజమాన్యానికి ఇవ్వనని రాతపూర్వకంగా ఒప్పించుకుంటాను, లేకపోతే ప్రాజెక్టు వదిలేస్తాను. దీనివల్ల ఒకటి రెండు మంచి సైట్లు పోయాయి. పోతే పోయాయి. ఒకసారి నర్సులకు అనుమానం వస్తే ట్యాగులన్నీ డ్రాయర్లోనే ఉంటాయి, మీ డేటా అంతా ఆ డ్రాయర్ లొకేషనే చూపిస్తుంది.

ఏ విభాగం అన్నదానికి: ఇండియాలోనే ఉద్యోగం చేయాలనుకుంటే పీహెచ్‌డీ ఈసీఈలోనో సీఎస్ఈలోనో చేయండి, కో-గైడ్‌గా మాత్రం డాక్టరు ఉండాలి. మన దగ్గర హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ పేరుతో శాశ్వత పోస్టులు ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉన్నాయి, నోటిఫికేషన్లు బ్రాంచి చూసే పడతాయి. ఐఐటీ బాంబేలో కోయిటా సెంటర్ ఫర్ డిజిటల్ హెల్త్ లాంటివి వచ్చాయి, పరిస్థితి మారుతోంది. హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి ఐఐటీ, ట్రిపుల్ ఐటీ రెండూ చూడండి. డేటా వైపు ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి సొంతంగా కట్టుకున్న ఐస్మార్ట్ రికార్డుల మీద ఎన్ని పేపర్లు వచ్చాయో చూస్తే, ఆసుపత్రిలోనే కూర్చుని పరిశోధన ఎలా చేయొచ్చో అర్థమవుతుంది.

బయటికి వెళ్తే నేరుగా ఇన్ఫర్మాటిక్స్ విభాగాలకే వెళ్లండి. అమెరికాలో కొలంబియా, వాండర్‌బిల్ట్, యూటా పాతవి, గట్టివి. ఒక్క మాట: అక్కడి నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ ట్రైనింగ్ గ్రాంట్లు పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. మనవాళ్లు గైడ్ ప్రాజెక్టు డబ్బు మీదే చేరాలి, కాబట్టి గైడ్‌కు ఇప్పుడు ఏ గ్రాంటు నడుస్తోందో కనుక్కున్నాకే దరఖాస్తు పెట్టండి. యూరప్‌లో హైడెల్‌బర్గ్-హైల్‌బ్రాన్‌లో 1972 నుంచే ఈ చదువు ఉంది.

గైడ్ విషయంలో పేరు కన్నా ఒక్కటే చూడండి: ఆయన పాత పేపర్లలో డాక్టర్ల పేర్లు పదే పదే వస్తున్నాయా, లేక ప్రతి పేపర్‌కూ కొత్త డాక్టరా? పదే పదే వస్తే ఆ వార్డు తలుపు మీకు తెరిచి ఉన్నట్టే. ప్రతిసారీ కొత్త పేరైతే ఏదో తేడా ఉన్నట్టు.

పబ్లికేషన్ల గొడవ ముందే తెలుసుకోవడం మంచిది. రేడియో వాళ్లకు మొబికామ్, ఇన్ఫోకామ్, 2010లో మొదలైన ఐపిన్ లాంటి కాన్ఫరెన్సులు గొప్ప. మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ వాళ్లకు జర్నళ్లు గొప్ప. ఇంటర్వ్యూ కమిటీలో ఇద్దరు ఇటు, ఇద్దరు అటు కూర్చుంటారు, ఎవరికి వాళ్లకు మీ సగం పేపర్లు ఖాళీగా కనిపిస్తాయి. నా విద్యార్థులకు చెప్పే లెక్క: థీసిస్‌లో రేడియో వైపు ఒకటే గట్టి పేపర్, అందులో చోటు చెప్పే సిస్టంల పరీక్షకు ఉన్న ప్రమాణం ఐఎస్ఓ 18305 ప్రకారం పరీక్ష చేసి చూపించాలి. మిగతావి వార్డు ప్రశ్నల మీద, రచయితల్లో మొదట మీ పేరే. డాక్టరు పేరు చివర్లో, కానీ డ్రాఫ్టు ఆయన నిజంగా చదవాలి. పేరు మాత్రమే ఇచ్చే డాక్టరును ఒక్క క్లినికల్ ప్రశ్నతో రివ్యూయర్ పట్టేస్తాడు.

డబ్బుకు మన దగ్గర ఐసీఎంఆర్ బయటి సంస్థలకు ఇచ్చే గ్రాంట్లు, పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్ ఉన్నాయి. పీహెచ్‌డీ తర్వాత ఫెలోషిప్‌కు డీబీటీ-వెల్‌కమ్ ఇండియా అలయన్స్ ఉంది, వాళ్ల ఆఫీసు హైదరాబాద్‌లోనే. మూడింటికీ మీ ట్యాగ్ ఎంత బాగుందో చెబితే పడదు, ఏ జబ్బు లేక ఏ జాప్యం తగ్గుతుందో చెప్పాలి. అకడమిక్ ఉద్యోగం ఆలస్యమైతే మధ్యలో పని దొరకదేమో అన్న భయం అక్కర్లేదు. ట్యాగులు అమ్మే కంపెనీలకూ, ఆసుపత్రుల ఆపరేషన్స్ విభాగాలకూ రేడియో భాష, వార్డు భాష రెండూ తెలిసిన మనిషి దొరకడం కష్టం.

ఉద్యోగం ఇప్పుడే మానొద్దు. ముందు మీ వార్డులో ఒక వారం, మీ పని అయ్యాక, సాయంత్రం షిఫ్టు మారే సమయానికి సిస్టర్లతో, వార్డ్ బాయ్‌లతో కూర్చోండి. ఏ వస్తువు కోసం ఎక్కువ తిరుగుతారో, ఏ కబురు ఆలస్యంగా వస్తుందో రాసుకోండి. దాన్ని ఒక పేజీకి కుదించండి: ప్రశ్న ఏమిటి, ఇప్పుడు ఎలా కొలుస్తున్నారు, ట్యాగ్ ఉంటే కొత్తగా ఏం తెలుస్తుంది, ఎవరి అనుమతి కావాలి. ట్యాగు కంపెనీ పేరు, అల్గారిదం పేరు అందులో ఉండకూడదు. ఆసుపత్రి పేరూ తీసేసి ఇక్కడ పెట్టండి, చదివి ఏ గైడ్‌లకు పంపొచ్చో చెబుతాను.